అమెరికా అధ్యక్ష మ్యూజియంలలో అతిథి ప్రదర్శనలు

ఒక మ్యూజియం తన సొంత సేకరణతో కాకుండా, మరో సంస్థ రూపొందించిన ప్రదర్శనకో, ఇతరుల నుంచి అరువు తెచ్చిన వస్తువులతో కూర్చిన ప్రదర్శనకో పరిమిత కాలం పాటు తన గ్యాలరీలలో చోటు ఇస్తే దానిని అతిథి ప్రదర్శన అంటారు. అదే ప్రదర్శన ఒక ఊరిలో ముగిసి మరో ఊరికి తరలివెళ్లేలా ముందుగానే ఏర్పాటై ఉంటే, దానిని పంపే సంస్థ దృష్టిలో అది సంచార ప్రదర్శన అవుతుంది. అమెరికాలో మాజీ అధ్యక్షుల పత్రాలను, వస్తువులను భద్రపరిచే ప్రెసిడెన్షియల్ లైబ్రరీలు, వాటి ఆవరణలలోని మ్యూజియంలు ఈ పద్ధతిని విస్తారంగా ఉపయోగించుకుంటున్నాయి. ఒకే వ్యక్తి జీవితం, ఒకే పదవీకాలం ఇతివృత్తంగా వెలసిన మ్యూజియంలో శాశ్వత ప్రదర్శన ఏళ్ల తరబడి పెద్దగా మారదు కనుక, ఒకసారి చూసి వెళ్లినవారు మళ్లీ రావడానికి వేరే కారణం కావలసి వచ్చింది. ఆ అవసరం కోసం పెరిగిన అతిథి ప్రదర్శనలు కాలక్రమంలో రెండు పనులు నెరవేర్చసాగాయి. అధ్యక్షుడితో దూరపు చుట్టరికం మాత్రమే ఉన్న విషయాలతో జనాన్ని ఆకర్షించడం వాటిలో ఒకటి కాగా, అధ్యక్షుడి అభిమానులు కట్టించిన భవనంలోకి బయటి పండితుల దృష్టిని ప్రవేశపెట్టడం రెండోది. ఈ రెండు ప్రయోజనాలూ ఎప్పుడూ ఒకే దారిలో నడవవు.

ఆతిథ్యమిచ్చే సంస్థల స్వరూపం

అధ్యక్షుడి పేరిట గ్రంథాలయం, మ్యూజియం నెలకొల్పే సంప్రదాయానికి తొలి ఉదాహరణ ఒహాయో రాష్ట్రంలోని ఫ్రీమాంట్‌లో 1916లో ప్రారంభమైన రదర్‌ఫర్డ్ బి. హేస్ గ్రంథాలయం. అయితే ప్రభుత్వ నిర్వహణలోని వ్యవస్థకు పునాది వేసినవాడు ఫ్రాంక్లిన్ డి. రూజ్‌వెల్ట్. తన పత్రాలను జాతికి అప్పగిస్తానని ఆయన 1938లో ప్రకటించగా, 1939లో కాంగ్రెస్ ఆమోదం లభించి, న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో విరాళాలతో కట్టిన భవనం 1941 జూన్ 30న ప్రారంభమైంది. ప్రైవేటు నిధులతో కట్టిన భవనాన్ని ఫెడరల్ ప్రభుత్వం స్వీకరించి నిర్వహించే ఈ ఏర్పాటుకు 1955 నాటి ప్రెసిడెన్షియల్ లైబ్రరీల చట్టం స్థిరరూపం ఇచ్చింది. అధ్యక్షుడి అధికారిక పత్రాలు ఆయన సొంత ఆస్తి కావని, 1981 జనవరి 20 నుంచి పదవిలో ఉన్నవారి పత్రాలన్నీ ప్రభుత్వానివేనని 1978 నాటి చట్టం నిర్ణయించింది. భవనాల నిర్వహణ భారం తగ్గించుకోవడానికి, ప్రభుత్వానికి భవనం అప్పగించేటప్పుడు దాని ఖర్చులో కొంత శాతాన్ని మూలధన నిధిగా జమచేయాలని 1986 చట్టం షరతు పెట్టింది. మొదట 20 శాతంగా ఉన్న ఆ వాటా తర్వాతి సవరణలతో 60 శాతానికి చేరింది.

ప్రస్తుతం హెర్బర్ట్ హూవర్ నుంచి జార్జ్ డబ్ల్యూ. బుష్ వరకు 13 మంది అధ్యక్షుల లైబ్రరీలు, మ్యూజియంలు జాతీయ పత్రాగారం, అంటే నేషనల్ ఆర్కైవ్స్ అండ్ రికార్డ్స్ అడ్మినిస్ట్రేషన్ నిర్వహణలో ఉన్నాయి. వీటికి వెలుపల కూడా అధ్యక్ష చరిత్రను చూపే సంస్థలు అనేకం ఉన్నాయి. ఇల్లినాయ్ రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2005లో మ్యూజియం ప్రారంభించిన అబ్రహాం లింకన్ ప్రెసిడెన్షియల్ లైబ్రరీ రాష్ట్ర ప్రభుత్వానిది. జార్జ్ వాషింగ్టన్ నివాసమైన మౌంట్ వెర్నన్, థామస్ జెఫర్సన్ నివాసమైన మాంటిచెలో ప్రైవేటు సంఘాల యాజమాన్యంలో ఉన్నాయి.

ఫెడరల్ వ్యవస్థలోని ప్రతి మ్యూజియానికీ ఇద్దరు సంరక్షకులు ఉంటారని గమనిస్తేనే అతిథి ప్రదర్శనల ఆర్థిక స్వరూపం అర్థమవుతుంది. పత్రాలు, వస్తువులు, వాటిని చూసుకునే ఆర్కివిస్టులు, క్యురేటర్లు జాతీయ పత్రాగారానికి చెందుతారు. అధ్యక్షుడి కుటుంబం, సన్నిహితులు, దాతలు కలిసి ఏర్పరచిన లాభాపేక్ష లేని ఫౌండేషన్ మాత్రం గ్యాలరీల నవీకరణకు, ప్రజా కార్యక్రమాలకు, తాత్కాలిక ప్రదర్శనలకు నిధులు సమకూరుస్తుంది. సంచార ప్రదర్శనకు చెల్లించే అద్దె, రవాణా ఖర్చు, ప్రచార వ్యయం ప్రధానంగా ఈ రెండో వైపు నుంచే వస్తాయి కాబట్టి, ఏ ప్రదర్శనను పిలవాలనే నిర్ణయంలో చరిత్ర విలువతోపాటు టికెట్ల రాబడి కూడా లెక్కలోకి వస్తుంది.

పూర్వరంగం

చారిత్రక పత్రాలు ప్రజల దగ్గరికే వెళ్లాలన్న ఆలోచన అధ్యక్ష మ్యూజియంల వ్యవస్థతో దాదాపు ఒకే కాలంలో రూపుదిద్దుకుంది. హ్యారీ ట్రూమన్ పాలనలో, 1947 సెప్టెంబరు 17న, స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగాలకు సంబంధించిన అరుదైన పత్రాలతో ఫ్రీడమ్ ట్రైన్ అనే ప్రత్యేక రైలు ఫిలడెల్ఫియా నుంచి బయలుదేరి, 1949 వరకు 48 రాష్ట్రాలలో 300కు పైగా ఊళ్లలో ఆగింది. సుమారు 35 లక్షల మంది దానిని సందర్శించారు. నల్లవారిని, తెల్లవారిని వేరువేరుగా లోపలికి పంపుతామన్న మెంఫిస్, బర్మింగ్‌హామ్ నగరాలలో రైలు ఆపకూడదని నిర్వాహకులు తీర్మానించడంతో, ప్రదర్శన ఎక్కడ ఆగుతుంది, ఎవరు చూస్తారు అన్నవి కూడా రాజకీయ ప్రశ్నలేనని తొలిసారిగా బలంగా వెల్లడైంది.

స్మిత్సోనియన్ సంస్థ 1952లో సంచార ప్రదర్శనల విభాగాన్ని స్థాపించి, చిన్న పట్టణాల మ్యూజియంలకు కూడా తయారు ప్రదర్శనలను అద్దెకు పంపే పద్ధతిని స్థిరపరిచింది. భారీ జనాకర్షణ గల ప్రదర్శనల యుగానికి ప్రతీకగా నిలిచిన టుటన్‌ఖామున్ నిధుల ప్రదర్శన 1976 నుంచి 1979 వరకు అమెరికా నగరాలలో తిరిగి సుమారు 80 లక్షల మందిని రప్పించింది. దీని వెనుక ఒక అధ్యక్షుడి దౌత్యం ఉంది. 1974లో ఈజిప్టు పర్యటనకు వెళ్లిన రిచర్డ్ నిక్సన్, అక్కడి అధ్యక్షుడు అన్వర్ సాదత్‌తో కుదుర్చుకున్న సాంస్కృతిక అవగాహన నుంచే అది రూపుదాల్చింది.

వాషింగ్టన్‌లోని జాతీయ చిత్తరువుల గ్యాలరీ నవీకరణ కోసం 2000 నుంచి 2006 వరకు మూతపడినప్పుడు, అందులోని అధ్యక్షుల చిత్తరువులు దేశమంతా తిరిగాయి. ప్రెసిడెన్షియల్ లైబ్రరీలు కూడా వాటికి విడిదులయ్యాయి. గిల్బర్ట్ స్టూవర్ట్ గీసిన, లాన్స్‌డౌన్ చిత్తరువుగా పేరొందిన వాషింగ్టన్ నిలువెత్తు చిత్రం విడిగా 2002 నుంచి 2004 వరకు పర్యటించింది. అంతకుముందు అమ్మకానికి వచ్చిన ఆ చిత్రాన్ని జాతికి దక్కించడానికి ఒక ఫౌండేషన్ 2001లో 3 కోట్ల డాలర్లు ఇచ్చింది. భవనం మూతపడడం వంటి ఇబ్బంది కూడా సేకరణను కదిలించే అవకాశంగా మారగలదని ఈ పర్యటనలు నిరూపించాయి.

ప్రదర్శనల రకాలు

అధ్యక్ష మ్యూజియంలకు వచ్చే ప్రదర్శనలను స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు. మొదటిది ఫలకాల ప్రదర్శన. ఇందులో అసలు వస్తువులు ఉండవు. ముద్రించిన ఫలకాలు, ఛాయాచిత్రాల నకళ్లు మాత్రమే ఉంటాయి కనుక ఖర్చు, భద్రతా ఏర్పాట్లు తక్కువ. లింకన్, రాజ్యాంగం, అంతర్యుద్ధం అనే అంశంపై జాతీయ రాజ్యాంగ కేంద్రం, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కలిసి గ్రంథాలయాలకు పంపిన ప్రదర్శన ఈ కోవకు చెందుతుంది. రెండోది సోదర సంస్థల మధ్య మార్పిడి. ఒక ప్రెసిడెన్షియల్ లైబ్రరీ తన వస్తువులను మరో లైబ్రరీకో, వాషింగ్టన్‌లోని జాతీయ పత్రాగార భవనానికో పంపుతుంది. మూడోది కళా మ్యూజియంలతో, పరిశోధన గ్రంథాలయాలతో కలిసి చేసే ఉమ్మడి ప్రదర్శన. నాలుగోది వాణిజ్య నిర్మాతలు లేదా అంతర్జాతీయ సంస్థలు తయారుచేసి, నగరం నుంచి నగరానికి అద్దెపై తిప్పే భారీ ప్రదర్శన. మొదటి రకానికి ఒక గది, కొద్దిమంది సిబ్బంది చాలుతుండగా, నాలుగో రకానికి వేల చదరపు అడుగుల గ్యాలరీ, నెలల తరబడి సన్నాహం అవసరమవుతాయి.

అరువు, రవాణా, పరిరక్షణ

విలువైన వస్తువును అరువు ఇచ్చే ముందు దాని యజమాని సంస్థ, అడుగుతున్న మ్యూజియం నుంచి సదుపాయాల నివేదిక కోరుతుంది. భవన నిర్మాణం, అగ్నిమాపక ఏర్పాట్లు, కాపలా, గాలిలో తేమ, ఉష్ణోగ్రతల నియంత్రణ, సరుకు దించే రేవు కొలతలు వంటి వివరాలన్నీ అందులో ఉంటాయి. ఒప్పందం కుదిరాక రిజిస్ట్రార్ అనే అధికారి వస్తువుల రాకపోకలు, బీమా, పత్రాల బాధ్యత వహిస్తారు. ప్రతి వస్తువుకూ స్థితి నివేదిక రాస్తారు. అంటే, బయలుదేరే ముందు దానిపై ఉన్న గీతలు, చిరుగులు, మరకలు ఛాయాచిత్రాలతో సహా నమోదవుతాయి. పెట్టె విప్పినప్పుడు ఒకసారి, తిరిగి సర్దేటప్పుడు మరోసారి దానితో పోల్చి చూస్తారు. వస్తువు కొలతలకు సరిపడేలా మెత్తని పొరలతో చేయించిన చెక్కపెట్టెలో సర్దుతారు. అత్యంత విలువైన వాటి వెంట యజమాని సంస్థ ప్రతినిధి ఒకరు ప్రయాణం పొడవునా ఉంటారు. మ్యూజియం పరిభాషలో ఆ వ్యక్తినే కొరియర్ అంటారు. ఉష్ణోగ్రత మార్పులకు వస్తువు నెమ్మదిగా అలవాటు పడేలా, గమ్యం చేరిన పెట్టెను కొంత సమయం విప్పకుండా ఉంచడం ఆనవాయితీ.

కాగితం, వస్త్రం, నీటి రంగుల చిత్రాలపై పడే వెలుతురును సాధారణంగా 50 లక్స్ దగ్గర పరిమితం చేస్తారు. లక్స్ అనేది ఒక తలంపై పడే కాంతిని కొలిచే ప్రమాణం. కాంతి చేసే హాని ఎప్పటికప్పుడు పోగుపడేదే కానీ విశ్రాంతితో తగ్గేది కాదు కాబట్టి, పత్రాలను కొన్ని నెలలు చూపించాక చీకటి గదికి చేర్చి వాటి స్థానంలో నకలు పెడతారు. బానిసల విముక్తిని ప్రకటించిన లింకన్ ఉత్తర్వు అసలు ప్రతి బాగా శిథిలమైనందున, జాతీయ పత్రాగారం దానిని ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే ప్రజలకు చూపిస్తూ వచ్చింది. అలాంటి పత్రాలకు సుదీర్ఘ పర్యటనలు సాధ్యం కావు.

భద్రత మరో కీలకాంశం. మిస్సోరీ రాష్ట్రం ఇండిపెండెన్స్‌లోని ట్రూమన్ లైబ్రరీ నుంచి, సౌదీ అరేబియా, ఇరాన్ పాలక వర్గాలు ట్రూమన్‌కు బహూకరించిన రత్నఖచిత ఖడ్గాలు, బాకులు 1978 మార్చిలో చోరీకి గురయ్యాయి. ఇతరుల వస్తువులను అరువు తెచ్చుకునే ఏ మ్యూజియమైనా ఇలాంటి నష్టానికి ముందుగానే పూచీ ఇవ్వాలి. భారీ ప్రదర్శనలకు బీమా సొమ్ము మోయలేని భారంగా మారడంతో, నష్టం జరిగితే ప్రభుత్వమే పరిహారం చెల్లించేలా పూచీకత్తు ఇచ్చే చట్టాన్ని కాంగ్రెస్ 1975లో చేసింది. మొదట విదేశీ మార్పిడులకు ఉద్దేశించిన ఈ సదుపాయం తర్వాత దేశీయ ప్రదర్శనలకూ విస్తరించింది. 1965 నాటి మరో చట్టం ప్రకారం, విదేశాల నుంచి వచ్చిన సాంస్కృతిక వస్తువులకు విదేశాంగ శాఖ ముందస్తు రక్షణ ప్రకటిస్తే, యాజమాన్య వివాదాల పేరుతో వాటిని అమెరికా కోర్టులు స్వాధీనం చేసుకోలేవు. ఈ హామీ లేకుండా విదేశీ మ్యూజియంలు తమ వస్తువులను పంపడానికి సుముఖంగా ఉండవు.

రీగన్ మ్యూజియం

కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీలో 1991లో ప్రారంభమైన రొనాల్డ్ రీగన్ ప్రెసిడెన్షియల్ లైబ్రరీ, నాలుగో రకం ప్రదర్శనలకు ప్రముఖ వేదిక. నిక్సన్ నుంచి జార్జ్ డబ్ల్యూ. బుష్ వరకు ఏడుగురు అధ్యక్షులు ప్రయాణించిన ఎయిర్ ఫోర్స్ వన్ విమానాన్ని 2005లో ప్రజల సందర్శనకు తెరవడంతో, ఆ మ్యూజియం లాస్ ఏంజెలెస్ పరిసరాల పర్యాటక కేంద్రాలలో ఒకటైంది. తర్వాతి సంవత్సరాలలో అక్కడికి వచ్చిన ప్రదర్శనలను పరిశీలిస్తే, బయటి విషయాన్ని అధ్యక్షుడి కథకు ముడివేసే పద్ధతి స్పష్టమవుతుంది.

2012లో వాల్ట్ డిస్నీ సంస్థ భాండాగారపు వస్తువుల ప్రదర్శన అక్కడ మొదలైంది. 1955 జూలై 17న డిస్నీలాండ్ ప్రారంభోత్సవాన్ని టెలివిజన్‌లో ప్రసారం చేసినప్పుడు, అప్పటికి నటుడైన రీగన్ వ్యాఖ్యాతలలో ఒకరు. యౌవనంలో అయోవా రేడియో కేంద్రం నుంచి షికాగో కబ్స్ ఆటలకు వ్యాఖ్యానం చెప్పిన అనుభవం ఆయనకు ఉండడంతో, 2014లో పెట్టిన బేస్‌బాల్ ప్రదర్శన కూడా పరాయిదిగా అనిపించలేదు. వాటికన్ కళాఖండాల ప్రదర్శన 2016లో వచ్చింది. అమెరికా, వాటికన్ మధ్య పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు 1984లో రీగన్ హయాంలోనే ఏర్పడ్డాయి. 2017 నాటి టైటానిక్ ప్రదర్శనకు ఉన్న సంబంధం మరింత ఆసక్తికరమైనది. సముద్రంలో మునిగిన థ్రెషర్, స్కార్పియన్ అనే అణు జలాంతర్గాముల శిథిలాలను పరిశీలించే రహస్య కార్యక్రమానికి నౌకాదళం ఇచ్చిన నిధులతోనే సముద్ర అన్వేషకుడు రాబర్ట్ బ్యాలర్డ్ 1985లో టైటానిక్ జాడను కూడా వెతికాడు. ప్రచ్ఛన్న యుద్ధపు రహస్యం, జనాదరణ గల విషాదగాథ ఇక్కడ ఒకే కథలో కలిశాయి. 1983లో రీగన్ ప్రకటించిన క్షిపణి రక్షణ పథకానికి విమర్శకులు పెట్టిన స్టార్ వార్స్ అనే మారుపేరునే ఆధారం చేసుకుని, 2024లో ఆ పథకాన్నీ, ఆ పేరుగల చలనచిత్రాలనూ కలిపి చూపారు.

వీటన్నిటికంటే భిన్నమైనది నాజీల మృత్యుశిబిరమైన ఆష్‌విట్జ్‌పై 2023లో అక్కడికి వచ్చిన ప్రదర్శన. స్పెయిన్‌కు చెందిన మ్యూజియాలియా సంస్థ, పోలండ్‌లోని ఆష్‌విట్జ్-బిర్కెనౌ మ్యూజియం కలిసి 700కు పైగా అసలు వస్తువులతో రూపొందించిన ఈ ప్రదర్శన 2017లో మాడ్రిడ్‌లో మొదలై, న్యూయార్క్, కాన్సస్ సిటీ, మాల్మో నగరాల మీదుగా సిమీ వ్యాలీకి చేరింది. మృతుల సొంత వస్తువులు ఉన్న ప్రదర్శన కనుక దానికి వినోదపు ఛాయ అంటకుండా చూడడం ఆతిథ్య సంస్థ బాధ్యత అవుతుంది. ఇలాంటి సందర్భాలలో విషయం బరువే దానికి సమర్థన కాబట్టి, అధ్యక్షుడితో ముడి వెతకవలసిన అవసరం అంతగా ఉండదు.

కెనడీ, జాన్సన్ లైబ్రరీలు

బోస్టన్‌లోని జాన్ ఎఫ్. కెనడీ లైబ్రరీ అనుసరించిన దారి వేరు. అక్కడి ప్రదర్శనలలో లైబ్రరీ సొంత వస్తువులే బయటికి వెళ్లి, మరో సంస్థ పాండిత్యంతో కలిసి తిరిగి రావడం కనిపిస్తుంది. జాక్వెలిన్ కెనడీ శ్వేతసౌధ సంవత్సరాలపై 2001లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ కళా మ్యూజియం ఏర్పాటుచేసిన ప్రదర్శనకు ఈ లైబ్రరీలోని దుస్తులు, పత్రాలే మూలాధారం. అది తర్వాత బోస్టన్‌కు వచ్చింది. క్యూబా క్షిపణి సంక్షోభానికి 50 ఏళ్లు నిండిన సందర్భంలో, కెనడీ రహస్యంగా చేయించిన సమావేశాల ధ్వనిముద్రణలు ఆధారంగా కూర్చిన ప్రదర్శన 2012 అక్టోబరులో వాషింగ్టన్‌లోని జాతీయ పత్రాగారంలో మొదలై, మరుసటి ఏడాది లైబ్రరీకి చేరింది. ఎర్నెస్ట్ హెమింగ్వే పత్రాలు కూడా ఈ లైబ్రరీలోనే ఉన్నాయి. రచయిత మరణానంతరం 1961లో ఆయన భార్య క్యూబా వెళ్లి వాటిని తెచ్చుకోవడానికి కెనడీ ప్రభుత్వం సహకరించడం అందుకు కారణం. న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీ 2015లో ఆ పత్రాలతో ఉమ్మడిగా పెట్టిన ప్రదర్శన మరుసటి ఏడాది బోస్టన్‌లో కొనసాగింది.

టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని లిండన్ జాన్సన్ లైబ్రరీ 2015లో బీటిల్స్ సంగీత బృందంపై సంచార ప్రదర్శనకు చోటిచ్చింది. ఆ బృందం 1964 ఫిబ్రవరిలో అమెరికాలో కాలుపెట్టే నాటికి కెనడీ హత్య జరిగి మూడు నెలలు కూడా నిండలేదు, జాన్సన్ పదవికి కొత్త. ఇక్కడ ముడి వ్యక్తితో కాక కాలంతో పడింది. శాశ్వత గ్యాలరీలో చట్టాలు, యుద్ధం, ఎన్నికలుగా కనిపించే దశకాన్నే అతిథి ప్రదర్శన యువజనుల అభిరుచుల వైపు నుంచి చూపగలిగింది.

కథనాన్ని మార్చిన ప్రదర్శనలు

శాశ్వత ప్రదర్శనను మార్చడం ఎంత కష్టమో నిక్సన్ లైబ్రరీ ఉదంతం తెలియజేస్తుంది. 1990లో ప్రైవేటు సంస్థగా ప్రారంభమైన ఆ మ్యూజియంలో వాటర్‌గేట్ కుంభకోణాన్ని నిక్సన్ పక్షం నుంచి చెప్పిన గ్యాలరీ ఉండేది. 2007లో సంస్థ ఫెడరల్ వ్యవస్థలో చేరాక దానిని తొలగించి, పత్రాల ఆధారంగా కొత్త గ్యాలరీ తెరవడానికి 2011 వరకు పట్టింది. మధ్యలో ఫౌండేషన్‌తో తీవ్రమైన విభేదాలు తలెత్తాయి. తాత్కాలిక ప్రదర్శనకు సాధారణంగా ఇంత స్థాయిలో ప్రతిఘటన ఎదురుకాదు కాబట్టి, వివాదాస్పద చరిత్రకు అది తొలి ద్వారంగా పనికివస్తుంది.

దీనికి తగిన ఉదాహరణ మాంటిచెలో బానిసత్వంపై 2012లో వాషింగ్టన్‌లో మొదలైన ప్రదర్శన. స్మిత్సోనియన్ సంస్థ, మాంటిచెలో నిర్వాహకులు కలిసి రూపొందించిన ఇది, సమానత్వాన్ని ప్రకటించిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా కలిగి ఉన్న వైరుధ్యాన్ని, ఆ కుటుంబాల పేర్లతో, తవ్వకాలలో దొరికిన వస్తువులతో వివరించింది. అట్లాంటా, సెయింట్ లూయిస్, ఫిలడెల్ఫియాలతో పాటు తర్వాతి సంవత్సరాలలో డల్లాస్, డెట్రాయిట్‌లలో కూడా దీనిని చూపారు. 2016లో మౌంట్ వెర్నన్ కూడా వాషింగ్టన్ ఎస్టేటులోని బానిసల జీవితాలపై ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటుచేసింది.

మరోవైపు, బరాక్, మిషెల్ ఒబామాల చిత్తరువులు 2021 జూన్‌లో షికాగో నుంచి మొదలుపెట్టి బ్రూక్లిన్, లాస్ ఏంజెలెస్, అట్లాంటా, హ్యూస్టన్ వంటి నగరాలలో పర్యటించాయి. కెహిండే వైలీ, ఏమీ షెరాల్డ్ గీసిన ఈ రెండు చిత్రాల వెంట భారీ సేకరణ ఏదీ లేకపోయినా జనం తరలిరావడం, అధ్యక్ష చరిత్రలో ప్రతిరూపానికి ఉన్న బలాన్ని తెలుపుతుంది.

విమర్శలు

అతిథి ప్రదర్శనలపై ప్రధాన విమర్శ అవి మ్యూజియం ధ్యేయాన్ని పలుచన చేస్తాయన్నది. సినిమా వస్తువులు, క్రీడా జ్ఞాపికలు చూడడానికి వచ్చినవారు పక్కనే ఉన్న శాశ్వత గ్యాలరీని చదివి వెళ్తారని మ్యూజియంలు ఆశిస్తాయి. ఆ ఆశ ఎంత నెరవేరిందో టికెట్ల లెక్క ఒక్కటే చెప్పలేదు. వాణిజ్య సంస్థ తన సరుకునే చరిత్రగా ప్రదర్శించినప్పుడు, ప్రజాధనంతో నడిచే భవనం ప్రచార వేదిక అవుతుందన్న అభ్యంతరం కూడా ఉంది. సమర్థకుల వాదన ప్రకారం, పెద్ద నగరాలకు దూరంగా అయోవాలోని వెస్ట్ బ్రాంచ్, కాన్సస్‌లోని ఆబిలీన్ వంటి చిన్న ఊళ్లలో ఉన్న అధ్యక్ష మ్యూజియంలే ఆ ప్రాంత ప్రజలకు ప్రపంచ స్థాయి వస్తువులను దగ్గరగా చూసే అవకాశం ఇవ్వగలవు. అధ్యక్షుడికీ విషయానికీ ఉన్న సంబంధం పత్రాలతో నిరూపించగలిగినదైతే ప్రదర్శన చరిత్రకు ఉపకరిస్తుంది, కేవలం పేరు పోలికో యాదృచ్ఛిక పరిచయమో అయితే అలంకారంగా మిగులుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో ప్రతి రాష్ట్రపతికీ విడిగా గ్రంథాలయం, మ్యూజియం నెలకొల్పే జాతీయ వ్యవస్థ లేదు. ఢిల్లీలో 2016లో రెండో దశ పూర్తిచేసుకున్న రాష్ట్రపతి భవన్ మ్యూజియం వ్యక్తికి కాక పదవికి చెందినది. దక్షిణాదిలో రాష్ట్రపతి విడిది అయిన హైదరాబాద్ బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచి ఉంటోంది. పదవి చుట్టూ అల్లుకున్న మ్యూజియంలో ప్రతి కొత్త రాష్ట్రపతితో కథ దానంతట అదే పెరుగుతుంది. అందువల్ల అమెరికా మ్యూజియంలను అతిథి ప్రదర్శనల వైపు నెట్టిన ఒత్తిడి ఇక్కడ ఆ రూపంలో లేదు. అరువు ప్రదర్శనల పద్ధతి మాత్రం తెలుగు ప్రాంతాలకు పరిచయమైనదే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 2023లో జరిగి, తర్వాత సియోల్‌కు వెళ్లిన తొలినాటి బౌద్ధ కళా ప్రదర్శనలో ఫణిగిరి, అమరావతి శిల్పాలు చోటు దక్కించుకున్నాయి.

ఇటీవలి ధోరణి

షికాగోలోని ఒబామా ప్రెసిడెన్షియల్ సెంటర్‌తో ఈ వ్యవస్థ మరో మలుపు తీసుకుంది. మునుపటి అధ్యక్షుల వలె భవనాన్ని జాతీయ పత్రాగారానికి అప్పగించకుండా, మ్యూజియాన్ని ఒబామా ఫౌండేషనే నిర్వహించే ఏర్పాటు జరిగింది. అధికభాగం మొదటి నుంచీ డిజిటల్ రూపంలోనే పుట్టిన ఆ పాలనాకాలపు పత్రాలు, ప్రభుత్వానికి చెందిన వస్తువులు పత్రాగారం అధీనంలోనే ఉంటాయి. మ్యూజియం వాటిని అరువు ఒప్పందంపై తీసుకుని ప్రదర్శిస్తుంది. సేకరణ ఒకరిది, భవనం మరొకరిది అయినప్పుడు, సదుపాయాల నివేదిక, స్థితి నివేదిక, కాంతి పరిమితి, గడువు తీరగానే వాపసు వంటి షరతులు తాత్కాలిక గ్యాలరీకే కాక అధ్యక్షుడి సొంత కథ చెప్పే గ్యాలరీలకూ వర్తిస్తాయి. ప్రదర్శించే సంస్థ చెప్పదలచిన కథకూ, వస్తువుల యజమాని పాటించే ప్రమాణాలకూ మధ్య ఒప్పందం అతిథి ప్రదర్శనల అనుభవంలోనే రూపొందింది కనుక, ఈ కొత్త ఏర్పాటుకు కావలసిన నియమావళి చాలావరకు ముందే సిద్ధమై ఉంది.